తుంటి కీలు మార్చుకొన్న తరువాత వెల్లకిలా నిద్రించుట యెట్లు?

మన పత్రికలో నూలు ధర, పట్టు ధర, సంఘ సమావేశాలు, మనవారి పెళ్ళి సంబంధాలు వుంటవి. అందులో మంచాలు, తలగడల గూర్చి వ్రాయడమేమిటని కొందరు సోదరులు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నా సరే, చదవవలసినదిగా కోరుచున్నాను. బెంగుళూరులో మా వీధివారు, మా బంధువులు కలిసి గత నాలుగైదు సంవత్సరాలలో తుంటి కీలు మార్పించుకొన్నవారు అయిదారుగురు వున్నారు. ఆపరేషనుకు యెంత ఖర్చు అయినది, యే డాక్టరు చేసినాడు, యెన్నాళ్ళకు నడిచినాడు అని అందరూ అడుగుదురు. రాత్రులు యెట్లా గడిచినవని అడిగినవారిని నేను చూడలేదు. కష్టమంతా ఆ రాత్రులలోనే వున్నది.

ఆ అయిదారుగురిలో మా అన్నగారు ఒకరు. ఆయన చిన్నతనములో ధర్మవరంలో గుంట మగ్గము మీద పని నేర్చుకొని, ఇరవై యేండ్లు పట్టు చీరలు నేసి, తరువాత బెంగుళూరు కబ్బన్‌పేటకు వచ్చి పవర్‌లూమ్ దగ్గర నిలబడినారు. క్రింద మగ్గాలు, పైన కాపురం. మన యిండ్లు యెట్లా వుంటవో మీకు చెప్పనక్కరలేదు. యాభై యెనిమిదవ యేట కుడి తుంటి నొప్పి మొదలైనది. మొదట గజ్జలలో, తరువాత తొడ మీదుగా మోకాలి దాకా దిగేది. మోకాలి నొప్పి అనుకొని రెండేళ్ళు మోకాలికే తైలము రాసినాము. ఎక్స్‌రే తీయించేసరికి తొడ యెముక పై బంతికి రక్తము అందక అది కుంగిపోయినదని తేలినది. మద్యము యెక్కువైనవారికి, స్టెరాయిడ్ మందు చాలాకాలము వాడినవారికి యిది వచ్చునని డాక్టరుగారు చెప్పినారు. అన్నగారు మద్యము ముట్టరు. అయితే ఆయాసానికి మందుల షాపులో అడిగి తెచ్చుకొన్న మాత్రలు యేండ్ల తరబడి మింగినారు. అవి స్టెరాయిడ్ మాత్రలని మాకు అప్పుడే తెలిసినది. గుంట మగ్గము వల్ల తుంటి పోయినదని కొందరు అన్నారు గాని, ఆ మాట డాక్టరు అనలేదు, నేనూ అనను.

ఆపరేషను బాగా జరిగినది. మరునాడే వాకర్ పట్టుకొని నాలుగడుగులు వేయించినారు. అయిదవ రోజున యింటికి పంపినారు. పంపేటప్పుడు యింగ్లీషులో అచ్చువేసిన రెండు పేజీల కాగితము యిచ్చినారు. అది ఎక్స్‌రే కవరులోకి పోయినది. మా వదినకు యింగ్లీషు రాదు. నాకు వచ్చును. నేను చదవలేదు. “డాక్టరు అన్నీ చెప్పే వుంటాడు లెమ్మ”ని వూరుకొన్నాను.

యింట్లో నవారు మంచము వేసినాము. అన్నగారికి పుట్టిన దగ్గరనుండి యెడమ ప్రక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు ముడిచి పడుకొనే అలవాటు. ఆసుపత్రిలో కాళ్ళ మధ్య పెట్టిన ముక్కోణపు దిండును అక్కడే వదలి వచ్చినాము. యింటికి వచ్చిన తొమ్మిదవ రాత్రి చలి వేసి, కాళ్ళ దగ్గర వున్న కంబళి అందుకోవడానికి నిద్రమత్తులో ముందుకు వంగినారు. కుడి కాలు యెడమ కాలి మీదికి వాలి లోపలికి తిరిగినది. టక్కున చప్పుడైనదని ఆయనే తరువాత చెప్పినారు. ఆయన అరిచిన అరుపుకు వీధి లేచినది. కుడి కాలు పొట్టిదైపోయి పాదము లోపలికి తిరిగి వున్నది. 108కి ఫోను చేసినాము. తెల్లవారేసరికి మత్తు యిచ్చి, కోయకుండానే కీలు మరల గిన్నెలో కూర్చినారు. అదృష్టము. అట్లా కూరనప్పుడు మరల కోయవలసి వచ్చును.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చొని ఆ రెండు పేజీలు చదివినాను. మొదటి పేజీలోనే వున్నది: ఆరు వారాలు వెల్లకిలా పడుకొనవలెను, కాళ్ళ మధ్య దిండు వుంచవలెను, ముందుకు వంగరాదు. అప్పటినుండి యీ విషయము మీద డాక్టర్లను, ఫిజియోథెరపీవారిని అడిగినది, చదివినది, మా వదిన చేసి చూపినది కలిపి యిక్కడ వ్రాస్తున్నాను. నావంటి చదువుకొన్న మూఢుడు యింకొక యింట్లో వుండకూడదని.

ముందు ఆ కీలు యెట్టిదో తెలియవలెను. మన తుంటి ఒక గిన్నె, ఒక బంతి. తొడ యెముక కొనన వున్న బంతి, కటి యెముకలోని గిన్నెలో తిరుగును. అరిగిన బంతిని కోసివేసి, తొడ యెముక లోపలికి ఒక లోహపు కాడను దించి, దాని కొనకు కొత్త బంతిని తగిలింతురు. గిన్నెలో ఒక ప్లాస్టిక్ పూత గిన్నెను అమర్చుదురు. యీ ప్లాస్టిక్ కథ మన వృత్తివారు తప్పక వినదగినది.

యిప్పటి పద్ధతిని కనిపెట్టినది జాన్ చార్న్లీ అనే యింగ్లీషు సర్జను. లంకషైరు జిల్లాలో రైటింగ్టన్ ఆసుపత్రి ఆయనది. లంకషైరు అంటే మన తాతలకు తెలిసిన పేరే. అక్కడి మిల్లు గుడ్డ వచ్చి యిక్కడి మగ్గాలను యెండగట్టినది. చార్న్లీ మొదట టెఫ్లాన్ అనే జారుడు పదార్థముతో గిన్నెలు చేసి సుమారు మూడు వందల మందికి పెట్టినాడు. రెండు మూడేండ్లకే అవి అరిగి, ఆ పొడి చుట్టూ కండరాన్ని పాడుచేసి, ఆయన వేసినవాటిని ఆయనే తీయవలసి వచ్చినది. 1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ ఆ ఆసుపత్రి వర్క్‌షాపుకు ఒక ప్లాస్టిక్ ముక్క తెచ్చినాడు. అతడు అమ్ముచున్నది లంకషైరు మగ్గాల పళ్ళచక్రాలకు వాడే గట్టి పాలిథీన్. చార్న్లీ దానిని గోటితో గీరి చూసి, దీనితో కాలము వృథా అని వెళ్ళిపోయినాడు. ఆయన దగ్గర పనిచేసే హ్యారీ క్రేవన్ అనే మెకానిక్కు మాత్రము ఆ ముక్కను అరుగుదల పరీక్షించే యంత్రము మీద పెట్టి తిప్పుతూనే వున్నాడు. మూడు వారాలు తిరిగినా అది టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. ఆ నవంబరులోనే చార్న్లీ ఆ పాలిథీన్ గిన్నెను రోగికి అమర్చినాడు. ఆ పదార్థము తన వొంటిలో యేమి చేయునో చూడవలెనని తన తొడలోనే ముక్కలు పెట్టించుకొన్నాడు కూడా. 1977లో ఆయనకు సర్ బిరుదు వచ్చినది. 1982లో మరణించినాడు. మగ్గము పళ్ళచక్రానికి వాడిన పదార్థము యీనాడు మగ్గము నేసిన మా అన్నగారి తుంటిలో తిరుగుచున్నది. యిప్పుడు వాడేది ఆ పాలిథీన్‌నే యింకా గట్టిపరచిన రకము.

చార్న్లీ బంతి చిన్నది, 22 మిల్లీమీటర్లు. రాపిడి తగ్గవలెనని చిన్నది చేసినాడు. చిన్న బంతి గిన్నె అంచు దాటి జారుటకు కొంచెము కదిలితే చాలును. యిప్పుడు 32, 36 మిల్లీమీటర్ల బంతులు వాడుచున్నారు గనుక జారడము తగ్గినది. అయినా పూర్తిగా పోలేదు. సహజమైన కీలును పట్టి వుంచేది చుట్టూ వున్న గట్టి సంచి, కండరాలు. ఆపరేషనులో వాటిని కోసి, మరల కుట్టుదురు. తెగిన పోగు ముడివేసిన వెంటనే లాగితే యేమగునో మనకు తెలియును. అది అతుక్కొనుటకు ఆరు వారాలనుండి మూడు నెలలు. మెలకువగా వున్నప్పుడు మనిషి జాగ్రత్తగానే వుండును. నిద్రలో కండరాలు వదులై, కాలు తన పాత అలవాటుకు పోవును. అందుకే పగటి కంటె రాత్రికి భయపడవలెను.

వెనుక వైపునుండి కోసి చేసిన ఆపరేషనులో మూడు పనులు కీడు చేయును: తుంటిని తొంభై డిగ్రీలకు మించి వంచుట, కాలిని రెండవ కాలి మీదికి దాటించుట, పాదమును లోపలికి త్రిప్పుట. ముడుచుకొని ప్రక్కకు పడుకొన్న మనిషిని ఒకసారి తలచుకొనుడు. మూడూ ఒక్కసారిగా జరుగుచున్నవి. వెల్లకిలా పడుకొని, కాళ్ళు కొంచెము యెడంగా, పాదాలు కప్పువైపు చూస్తూ వుంటే బంతి గిన్నెలో లోతుగా కూర్చొని వుండును. ముందు వైపునుండి చేసిన ఆపరేషనుకు నియమాలు వేరు. అక్కడ కాలిని వెనుకకు చాచి బయటికి త్రిప్పుట ప్రమాదము. యిప్పుడు కొందరు సర్జన్లు నియమాలు చాలా సడలించి, నీకు నొప్పి లేని విధంగా పడుకో అనుచున్నారు కూడా. కాబట్టి డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న: “అయ్యా, తమరు యే వైపునుండి చేసినారు? నేను ప్రక్కకు యెప్పుడు తిరగవచ్చును?” యిది అడగడానికి మొహమాటము వద్దు. మనవాళ్ళకు డాక్టరు ముందు నోరు పెగలదు, బయటికి వచ్చిన తరువాత వెయ్యి సందేహాలు.

ఇక మంచము సంగతి. నేల మీద చాప వేసుకొని పడుకోవడము మన యిండ్లలో సర్వసాధారణము. యీ ఆపరేషను తరువాత నేల మీద పడుకొనరాదు. పడుకొనుట కాదు కష్టము, లేచుట. లేచేటప్పుడు తుంటి పూర్తిగా ముడుచుకొనును. నవారు మంచము, నులక మంచము కూడా పనికిరావు. నడుము గుంటలోకి దిగిపోయి, తుంటి వంగి, మోకాళ్ళు పైకి వచ్చును. గట్టి చెక్క మంచము, దాని మీద గట్టి దూది పరుపు కావలెను. యెత్తు యెంత? రోగి కుర్చీలో కూర్చొన్నప్పుడు నేలనుండి మోకాలి మడత వరకు కొలిచి, దానికి రెండు మూడు అంగుళాలు కలుపుడు. పరుపుతో కలిసి మంచము ఆ యెత్తు వుండవలెను. మంచము అంచున కూర్చొన్నప్పుడు మోకాళ్ళకంటె తుంటి కొంచెము పైన వుండవలెను. మా మంచము పొట్టిది. మేము మొదట కాళ్ళ క్రింద ఇటుకలు పెట్టినాము. అది వూగినది. తరువాత వడ్రంగిని పిలిచి, మంచము కాళ్ళు దిగేటట్లు గుంట తొలిచిన కొయ్య దిమ్మలు చేయించినాము. ఆసుపత్రికి పోకముందే యీ పని చేయించి వుంచితే మంచిది. వచ్చిన రోజున వడ్రంగి దొరకడు.

మంచాన్ని గోడకు ఆనించేటప్పుడు, మంచినీళ్ళు యెక్కడ, కిటికీ యెక్కడ అని కాక, ఆపరేషను చేసిన కాలు యే వైపు అన్నది చూడవలెను. ఆ కాలు గదివైపు వుండవలెను, రెండవది గోడవైపు. అప్పుడు దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందుగా బయటికి జరుగును గాని, రెండవ కాలిని దాటి రాదు. గది చిన్నదైతే పిల్లల చాపలు మంచము ప్రక్కన పరచవద్దు. రాత్రి లేచినప్పుడు వాకరు కాలు చాపలో తట్టుకొనును. మా యింట్లో పిల్లలను మూడు నెలలు మేనత్త గారింట పడుకోబెట్టినాము.

పడుకొనే విధానము చెప్పెదను. వాకరుతో వెనుకకు నడిచి, మంచము అంచు కాళ్ళ వెనుక తగిలేదాకా పోవలెను. ఆపరేషను కాలిని కొంచెము ముందుకు చాచి, చేతులు మంచము మీద ఆనించి, మెల్లగా కూర్చొనవలెను. తరువాత చేతుల బలముతో, పిరుదులతో మంచము మధ్యకు వెనుకగా జరగవలెను. అప్పుడు నడుము, కాళ్ళు కలిపి ఒక దుంగ తిరిగినట్లు తిరగవలెను. వొళ్ళు ఒక వైపు, కాలు ఇంకొక వైపు మెలితిరగకూడదు. మొదటి వారాలలో ఒకరు మడమ క్రింద చేయి పెట్టి కాలిని మోయవలెను. మా వదిన ఒక పాత నూలు పంచెను మడతపెట్టి, దానిని పాదము క్రిందుగా వేసి రెండు కొసలు అన్నగారి చేతికి యిచ్చేది. పది రోజుల తరువాత తన కాలిని తానే ఆ పంచెతో మంచము మీదికి లాక్కొనేవారు. యెవరినీ లేపనక్కరలేదన్నది ఆయనకు పెద్ద తృప్తి.

పడుకొన్న తరువాత తల క్రింద ఒకటే తలగడ. వీపు క్రింద నాలుగు దిండ్లు పెట్టి, కాళ్ళు చాపి నిటారుగా కూర్చొనరాదు. అట్లా కూర్చొని కంచములోకి వంగి అన్నము తింటే తుంటి తొంభై డిగ్రీలు దాటును. కాళ్ళ మధ్య దిండు తొడలనుండి చీలమండల దాకా వుండవలెను. మోకాళ్ళ మధ్య మాత్రమే చిన్న దిండు పెడితే పాదాలు ఒకదానిపై ఒకటి వాలును. ఆసుపత్రిలో ముక్కోణపు స్పాంజి దిండు యిస్తే తెచ్చుకొనుడు, బిల్లులో దానికి డబ్బు కట్టే వుందురు. లేకపోతే రెండు గట్టి దూది దిండ్లు నిలువుగా కలిపి, పాత చీర పేలికతో తొడ దగ్గర ఒక చోట, పిక్క దగ్గర ఒక చోట కట్టవచ్చును. రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టవలెను. బిగించితే రక్తము ఆగును.

పాదము తనంతట తాను బయటికి వాలిపోవును. పాత చీరను గట్టిగా చుట్ట చుట్టి, చీలమండకు బయటి వైపున ఆనించితే వ్రేళ్ళు కప్పువైపు నిలుచును. మోకాలి క్రింద మాత్రము దిండు పెట్టి రాత్రంతా వుంచవద్దు. అది హాయిగా వుండును, నిజమే. అందరూ అదే అడుగుదురు. అయితే తుంటి వంగిన స్థితిలోనే బిగుసుకొని, తరువాత నిటారుగా నిలబడనీయదు. పిక్క క్రింద పలుచని మడత గుడ్డ పెట్టి మడమను పరుపుకు తగలకుండా పైకి తేల్చితే మంచిది. వెల్లకిలా కదలక పడుకొన్నవారికి మడమ మీద, పిరుదుల మధ్య యెముక మీద పుండ్లు పడును. మధుమేహము వున్నవారికి మడమ పుండు పడితే మానడము గగనము. పొద్దున, రాత్రి మడమలు చూడవలెను. యెర్రబడి, వ్రేలితో నొక్కి వదిలినా ఆ యెరుపు పోకపోతే అది పుండుకు నాంది.

కంబళి గురించి ప్రత్యేకంగా వ్రాయవలెను, మా ప్రమాదము దానివల్లనే గదా. డిసెంబరు, జనవరి నెలలలో బెంగుళూరు తెల్లవారు జాము చలి మీకు తెలుసు. రాత్రి పదికి వద్దని త్రోసిన దుప్పటి మూడు గంటలకు కావలసి వచ్చును. అది కాళ్ళ దగ్గర వుండును. దాని కోసము ముందుకు వంగడము మనిషి స్వభావము. మా వదిన దుప్పటి రెండు మూలలకు లావుపాటి నూలు త్రాడు కుట్టి, త్రాడు కొసలను తలగడ ప్రక్కన మంచము పట్టెకు వదులుగా కట్టినది. త్రాడు లాగితే దుప్పటి తానే వచ్చును. యింత చిన్న పని తొమ్మిది రోజుల ముందు చేసి వుంటే! బరువైన గొంగడి వద్దు. అది పాదాలను క్రిందికి నొక్కి ప్రక్కకు త్రిప్పును. రెండు పలుచని దుప్పట్లు మేలు. క్రింద పడిన చెప్పును, కళ్ళద్దాలను, సెల్లును కూడా మంచము మీదనుండి వంగి తీయరాదు. చేతికందేంత దూరములో ఒక స్టూలు వేసి నీళ్ళు, మందులు, టార్చి, ఫోను, మనిషిని పిలుచుటకు ఒక గంట దానిపై వుంచుడు. క్రింద మగ్గాలు నడిచే యింట్లో కేక వినబడదు.

రాత్రి మూత్రానికి లేచుట తప్పదు. మగవారికి మూత్రము పట్టే సీసా మందుల షాపులో దొరకును. మొదటి రెండు వారాలు మంచము దిగకుండా అదే వాడవచ్చును. ఆడవారికి మంచము ప్రక్కన కమోడ్ కుర్చీ కావలెను. నేల మీది దొడ్డి పూర్తిగా నిషేధము. పడమటి తరహా కమోడు వున్నా పొట్టిగా వుంటే, దాని మీద బిగించే యెత్తు సీటు కొనవలెను. సాయంత్రము ఆరు తరువాత కాఫీ మానుడు. నీళ్ళు పగటిపూటే యెక్కువ త్రాగుడు. మెట్లు యెక్కవలసి వస్తే మంచి కాలు ముందు పైకి, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు క్రిందికి.

యింత చేసినా నిద్ర రాదు. యీ మాట ముందే చెప్పి వుంచుట మంచిది. వెల్లకిలా పడుకొనే అలవాటు లేనివారికి మొదటి పది పదిహేను రాత్రులు గంటకొక మెలకువ. నొప్పి మాత్రను నొప్పి పెరిగిన తరువాత కాక, పడుకొనేటందుకు అరగంట ముందు వేసుకొనవచ్చునా అని డాక్టరును అడిగి వేళ మార్చుకొనుడు. పడుకొనే ముందు ఐసును గుడ్డలో చుట్టి తుంటి ప్రక్కన పదిహేను ఇరవై నిముషాలు వుంచితే వాపు, సలుపు తగ్గును. కట్టు తడవకూడదు. బలమైన నొప్పి మాత్రలు మలబద్ధము చేయును. అది కూడా నిద్ర చెడగొట్టేదే. ఆకుకూర, పండు, నీరు కావలెను. అవసరమైతే విరేచనపు మందు అడగవలెను. పగలు గంటల తరబడి కునికితే రాత్రి కన్ను మూతపడదు. పగలు గంటకొకసారి లేచి వాకరుతో నాలుగడుగులు నడిచినవారు రాత్రి బాగా నిద్రించినారని మాకు అనుభవము. వెల్లకిలా పడుకొంటే గురక పెరుగును. గురకలో వూపిరి ఆగి ఆగి వచ్చేవారు ఆ మాట ఆపరేషనుకు ముందే డాక్టరుకు చెప్పవలెను. బలమైన నొప్పి మందులు అట్టివారికి ప్రమాదము.

మేలుకొన్నప్పుడు పడుకొనే చేయదగిన పని ఒకటి వున్నది. పాదాలను మగ్గము తొక్కినట్లు ముందుకు, వెనుకకు, పది పదిహేనుసార్లు ఆడించవలెను. కాలి రక్తనాళములో రక్తము గడ్డకట్టుట యీ ఆపరేషను తరువాత వుండే పెద్ద భయము. దానికే రక్తము పలుచన చేసే మాత్రలో, సూదులో యిత్తురు. నొప్పి లేదని వాటిని మానరాదు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినప్పుడు యీ వ్యాయామము అన్నగారికి పట్టలేదు. ఆమె ఆయన పని తెలుసుకొని, “తాతా, మగ్గం తొక్కు” అన్నది. అప్పటినుండి నూరేసిసార్లు తొక్కినారు.

పిక్క వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పిగా వున్నా, హఠాత్తుగా ఆయాసము గాని, రొమ్ము నొప్పి గాని వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. కుట్లనుండి చీము, రసి కారినా, జ్వరము వచ్చినా ఆ రోజే చూపవలెను. కీలు జారితే గుర్తు మీకు ముందే చెప్పినాను: ఒక్కసారి భరించరాని నొప్పి, కాలు పొట్టిగా, వంకరగా కనబడుట. అప్పుడు కాలిని లాగి సరిచేయబోరాదు. వున్నచోటనే కదలకుండా దిండ్లు ఆనించి 108ని పిలువవలెను. తిండి, నీళ్ళు యివ్వరాదు. మత్తు యివ్వవలసి వచ్చును గనుక.

చుట్టాలు చూడ వచ్చి చెప్పే సలహాలు ఇంకొక ప్రమాదము. పుత్తూరు కట్టు అంటే మనవారందరికీ గురి. విరిగిన చేతికి, కాలికి అక్కడికి పోయి వచ్చినవారు ప్రతి యింట్లో వున్నారు. ఆ గురిని నేను కాదనను. అయితే లోహపు కీలు అమర్చిన తుంటిని పిసుకుట, లాగుట, కట్టు కట్టుట యెవరి చేతనూ చేయించరాదు. పచ్చి గాయము మీద తైలము, పసరు వేసినా, లోపలికి చీము పట్టినా, ఆ కీలునే తీసివేయవలసి రావచ్చును.

ప్రక్కకు యెప్పుడు తిరగవచ్చును? మా అన్నగారికి, ఒకసారి జారినది గనుక, డాక్టరు పూర్తిగా పన్నెండు వారాలు పెట్టినారు. మామూలుగా ఆరు వారాల తరువాత, మంచి తుంటి క్రిందికి వచ్చేట్లు, కాళ్ళ మధ్య మోకాలినుండి చీలమండ దాకా దిండు పెట్టుకొని తిరగనిత్తురు. ఆపరేషను వైపు మీద పడుకొనుట కుట్టు మాని, వొత్తినా నొప్పి లేనప్పుడే. బోర్లా పడుకొనుట డాక్టరును అడగక చేయరాదు. దిండు లేకుండా ప్రక్కకు పడుకొన్న మొదటి రాత్రి అన్నగారు వుదయము యేడు దాకా లేవలేదు. వదిన రెండుసార్లు పోయి వూపిరి చూసి వచ్చినది.

డబ్బు సంగతి ముగించెదను. కర్ణాటకలో బి.పి.ఎల్. రేషను కార్డు కుటుంబానికి ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక పథకము క్రింద సంవత్సరానికి అయిదు లక్షల రూపాయల వరకు చికిత్స కలదు. 2018లో మొదలైనది. ముందుగా ప్రభుత్వ ఆసుపత్రికి పోయి చూపించుకొనుడు. విక్టోరియా, బౌరింగు ఆసుపత్రులు, జయనగరులోని సంజయ్ గాంధీ యెముకల ఆసుపత్రి మనకు దగ్గరవే. అక్కడ ఆరోగ్యమిత్ర అనే వుద్యోగిని కలిసి, కార్డు చూపి, యేది దొరకును, యెవరి చీటీ కావలెను అని ఆపరేషనుకు ముందే అడుగుడు. అప్పు చేసి, తరువాత అడిగితే ప్రయోజనము లేదు. అట్లాగే యింటికి పంపే కాగితాన్ని కన్నడములో గాని, తెలుగులో గాని నోటితో చెప్పమని, యింట్లో రాత్రి తోడు వుండేవారిని యెదుట నిలబెట్టి అడుగుడు. మన పిల్లలకు కన్నడము చదవ వచ్చును, పెద్దలకు తెలుగు, కాగితము యింగ్లీషు. యీ మూడింటి మధ్యనే మా అన్నగారి కీలు జారినది.

ఆ కొత్త కీలు యెన్నాళ్ళు వుండును అని అందరూ అడుగుదురు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద పరిశీలనలో, ఇరవై అయిదేండ్లు గడిచినా నూటికి యాభై యెనిమిది కీళ్ళు మార్చవలసిన అవసరము లేక నిలిచినవని తేలినది. యింతకుముందు యింత నమ్మకముగా యెవరూ చెప్పలేకపోయినారు.

పని గూర్చి: గుంట మగ్గములోకి దిగుట, నేల మట్టాన కూర్చొనుట, అందులోనుండి మెలితిరిగి లేచుట యీ కీలుకు పడవు. నేల మీద బాసిపెట్టు వేసుకొని రాట్నము త్రిప్పుట, పంక్తి భోజనము కూడా అంతే. యెత్తు బల్ల మీద కూర్చొని నేసే స్టాండు మగ్గము గూర్చి డాక్టరును అడగవచ్చును. అన్నగారు నాలుగు నెలల తరువాత పవర్‌లూమ్ దగ్గరకు పోలేదు. కండెలు చుట్టే యంత్రాన్ని యెత్తు బల్ల మీదికి యెక్కించి, చేతులున్న గట్టి కుర్చీ వేసుకొని, దాని ముందు కూర్చొనుచున్నారు. కూలి తగ్గినది. అది ఆయనకు బాధ. రోజుకు రెండుసార్లు క్రిందికి దిగి మగ్గాల చుట్టూ ఒకసారి తిరిగి, తెగిన పోగు కనబడితే కుర్రవాణ్ణి పిలిచి ముడి వేయించి పైకి వచ్చుదురు. దుప్పటి త్రాడు యింకా మంచము పట్టెకే వున్నది.